ఆముదం కుల్లలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గంజి ఎప్పుడూ రెండు కుండల్లో ఉండేది. ఒకటి మనుషులు తాగడానికి, ఇంకొకటి నూలుకు పెట్టడానికి. సిరిసిల్లలో నేతపని చేసే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. నూలు తెగకుండా నిలవాలంటే గంజి కావాలి, చీర ఫెళఫెళలాడాలంటే గంజి కావాలి, ఆఖరికి పిల్లలు కాగితపు బొమ్మ అతికించాలన్నా గంజే. లోకంలో మెత్తగా ఉన్నది ఏదైనా సరే, కాస్త గంజి పెడితే నిటారుగా నిలబడుతుందని మా ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక చలికాలం పక్క వాడకట్టు మేకలు నమిలి మింగేశాయి. ఆ మేకల దయవల్లే మా మేనత్త ఎలాంటి మనిషో నాకు తెలిసింది.

మా మేనత్తను గంభీరావుపేట దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. వాళ్లు మా కులంవాళ్లే, కానీ తాతల నాడే మగ్గం వదిలి వ్యవసాయంలో పడ్డవాళ్లు. ఆమె భర్త, మా మామ, పాము కరిచి పోయాడు. పిల్లలు లేని మనిషికి పొలంలో పాలెందుకని మరుదులు తమలో తాము అనుకున్నారట. ఆ మాట తన మొహం మీద అనేదాకా మా అత్త ఆగలేదు. ఒక బట్టల మూట, ఒక ఎండిన ఆనపకాయ బుర్ర పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ బుర్రనిండా బూడిద, ఆ బూడిదలో ఆనప విత్తనాలు. వచ్చిన రోజు బట్టల మూటను అరుగు మీదనే వదిలేసి, ముందు ఆ బుర్రను తీసుకెళ్లి ఎలకలు అందుకోలేని చోట ఉట్టిలో పెట్టింది. మా అమ్మ నీళ్లిస్తే అప్పుడు కూర్చుంది.

మా బాపు అప్పుడు బొంబాయి దగ్గరి భివండీలో పనిచేసేవాడు. ఏడాదికోసారి వచ్చిపోయేవాడు. ఇల్లు నడిపేది ఆయన అన్న, మా పెదబాపు. చెడ్డవాడని నేను చెప్పను. చెల్లెలు వచ్చిందని మొహం ముడుచుకోలేదు, కంచం వేరు పెట్టలేదు. కానీ ఆయనకు ఆ రోజుల్లో కంటి మీద కునుకు లేదు. మా వాడలో ఒక్కొక్క ఇంట్లో చేతిమగ్గం పోయి సాంచెలు దిగుతున్నాయి. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. పక్కింట్లో అది టకటకమని మోగుతుంటే ఆయన చేతిమగ్గం గుంతలో కూర్చుని పళ్లు కొరికేవాడు. ఇంటి వెనక ఉన్న ఖాళీ జాగాలో షెడ్డు వేసి సాంచె పెట్టాలని ఆయన పట్టుదల. ఒకప్పుడు నూలు ఆరబెట్టిన జాగా అది. అప్పటికి బూడిదకుప్పా, పగిలిన కుండలూ తప్ప ఏమీ లేవు. మా అత్త వచ్చిన కొద్దిరోజులకే ఆనపగింజలు పెట్టుకోవడానికి అదే జాగా అడిగింది.

"నేతోళ్ల ఇంట్ల ఎవుసం ఏందే చెల్లె? కండెలు చుట్టుకుంట కూసో. అన్నం నేను పెడ్త," అన్నాడు పెదబాపు.

"పెడ్తవన్నా, నాకెరికే. కని ఆ జాగ ఉంటె నేను ఈ ఇంటిదాన్ని, లేకుంటె చుట్టాన్ని. చుట్టం ఎన్నొద్దులుంటది?" అన్నది మా అత్త.

వాళ్లు మాట్లాడుకున్నది అరుగు మీద. వాడలో నలుగురూ వింటున్నారు. మా పెదబాపుకు నలుగురు వింటుంటే మాట పెరిగే గుణం ఉంది. అప్పటికి చలి ముదిరింది. ఆనపకాయ వానలకు పెట్టే పంట, లేదంటే ఎండలు మొదలయ్యాక పెట్టాలి. చలిలో పెడితే గింజ మట్టిలోనే మురిగిపోతుంది. అంత మాత్రం నేతవాళ్లకూ తెలుసు. అందుకే ఆయన ధైర్యంగా షర్తు కట్టాడు.

"సరే, శివరాత్రి దాక జూస్త. ఒక్కపొద్దు ఇడిసేనాడు నా కంచంల నీ జాగల గాసిన కాయ కూర పడాలె. పడితె జాగ నీది. పడకుంటె ఆడ నా సాంచె పడ్తది."

మా అత్త బతిమాలలేదు, గడువు పెంచమనలేదు. సరేనని చెంగు దులుపుకుని లేచి బూడిదకుప్ప ఎత్తిపోయడానికి వెళ్లింది. నేను గంప పట్టుకుని ఆమె వెనక పోయాను. అప్పట్లో నాకు బడి తర్వాత నూలును కండెలకు చుట్టే పని ఉండేది. దాన్నుంచి తప్పించుకోవడానికి ఏ దారి దొరికినా మంచిదే అనుకునేదాన్ని.

పొలంలో ఉన్నప్పుడు మొలకల మీద రాత్రిపూట కుండలు బోర్లించేవాళ్లమని మా అత్త చెప్పింది. కానీ కుండ బోర్లిస్తే వెలుగు తగలదు, మబ్బు పట్టిన రోజు దానితో చిక్కే. మా ఇంట్లో లేనిదల్లా పొలమే, గుడ్డకు కరువు లేదు. మగ్గం మీద చివర మిగిలిన పలుచటి గుడ్డ పీలికలు మూలన మూటలుగా పడి ఉండేవి. కోడిపిల్లల మీద కప్పే పాత గంపలు విప్పి వెదురు పుల్లలు తీసింది. వాటిని వంచి, కొసలు నేలలో గుచ్చడానికి వదిలి, చిన్న చిన్న గుమ్మటాల్లా కట్టింది. వాటి మీద గుడ్డ లాగి కుట్టింది. పసిపిల్లలకు చలికి నెత్తిన పెట్టే కుల్లల్లాగా ఉన్నాయని మేము వాటిని కుల్లలే అన్నాం. గుడ్డ వదులుగా వేలాడుతోందని మా అమ్మ ఒక్క చూపులో కనిపెట్టింది. మా ఇంట్లో అలాంటి దానికి వేరే వైద్యం ఉందా? నూలుకు కాచిన గంజి తెచ్చి బాగా దట్టించింది. ఎండకు ఆరేసరికి కుల్లలు డోలు చర్మంలా బిగిశాయి. మా అమ్మ మొహంలో ఆ గర్వం నాకు ఇప్పటికీ గుర్తే.

గుంతల్లో మాగిన పెంట వేసి, పైన మెత్తటి మన్ను వేసి, గింజలు నాటి, కుల్లలు పెట్టాం. ఆ చలిలో కూడా గింజలు పగిలాయి. రెండాకులు దొప్పల్లా విచ్చుకుని పైకి వచ్చాయి. వాడలో పిల్లలందరినీ పిలిచి చూపించాను. పెదబాపు మాత్రం అటు తొంగిచూడలేదు. చూడనట్టు నటిస్తూ గోడ పక్కన చాలాసేపు పళ్లు తోముకునేవాడు.

ఒకనాడు తెల్లవారి లేచి చూస్తే కుల్లలు లేవు. వెదురు పుల్లలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక మేక మా గుడ్డ పీలికను నోట్లో పెట్టుకుని, ఏ తొందరా లేకుండా నములుతూ నా వైపు చూసింది. రాత్రి మంచుకు గంజి నాని మెత్తబడి, వాసన కొట్టి మేకలను పిలిచింది. గంజి పట్టిన గుడ్డ తిన్నాక, నంజుకోవడానికి మొలకలు ఉండనే ఉన్నాయి. ఒక్కటి మిగల్లేదు. మా పెదబాపు అరుగు మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. నేతోళ్ల ఎవుసం మేకల పాలైందని వీధిలో పోయేవాళ్లందరికీ చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. దుఃఖంతో కాదు, ఒళ్లు మండి.

మా అత్త ఏడవలేదు. మేక నోట్లోంచి పీలిక లాక్కుని వాసన చూసింది. మా అమ్మ వైపు చూసింది. అమ్మ తల వంచుకుంది. అప్పుడు మా అత్త నవ్వింది.

"తప్పు మేకలది గాదు కోడలా. మనమే ఇస్తరేసి పిలిసినం," అన్నది నాతో.

ఉట్టిలోంచి బుర్ర దింపింది. అందులో ఇంకా విత్తనాలు ఉన్నాయి. నేను ఆశ్చర్యపోతే, ఉన్న ఇత్తులన్నీ ఒక్కసారే మన్నుల పెట్టేటోడు ఎవుసపోడు కాదని చెప్పింది. తర్వాత దడి పక్కన పెరిగిన ఆముదం చెట్ల వైపు నడిచింది. లోకంలో మేక ముట్టని ఆకు చాలా తక్కువ. ఆముదం అంటే దానికి పడదు. మాకూ పడదు, మా చిన్నతనంలో కడుపు శుభ్రం చేయడానికి ముక్కు పట్టి పోసేవాళ్లు కాబట్టి ఆ విషయంలో మేము మేకల పక్షమే. అత్త ఆ గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనె గరిటెతో తీసింది. ఇల్లంతా ఆ వాసన. ఆ నూనెలో కొత్త గుడ్డ పీలికలు ముంచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేతవాళ్ల ఇంట్లో గుడ్డ దగ్గరికి నూనె చేతితో పోతే పెద్దవాళ్లు వీపు చీరేసేవాళ్లు. నేసిన గుడ్డ మీద ఒక్క నూనె చుక్క పడితే ఆ గుడ్డ పోయినట్టే. తలకు నూనె రాసుకున్న రోజు మమ్మల్ని మగ్గం అర్రలోకి రానిచ్చేవాళ్లు కాదు. అలాంటి ఇంట్లో మా అత్త తెల్లటి గుడ్డను నిలువునా నూనెలో ముంచి పిండుతుంటే మా అమ్మ చూడలేక లోపలికి పోయింది. పెదబాపు మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, ఈ ఇంట్ల లచ్చిమి ఉంటదా అని అరిచాడు. మా అత్త పిండుతూనే ఉంది.

నూనె పట్టిన గుడ్డ వింతగా మారింది. వెనక చెయ్యి పెడితే వేళ్లు కనిపించేంత పలుచబడింది. పగటి వెలుగు లోపలికి పోయేది. మంచు పైన పడి జారిపోయేది. మేకలు వచ్చి మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి పోయాయి. ఆ తుమ్ము విన్నంత సంతోషం నాకు తర్వాత చాలా తక్కువసార్లు కలిగింది. మళ్లీ గింజలు మొలిచాయి. అయితే ఆలస్యమైంది, శివరాత్రి దగ్గరపడుతోంది. అది మాకూ తెలుసు, పెదబాపుకూ తెలుసు. మొలకలు చూశాక ఆయన నవ్వు ఆగిపోయింది.

మా అత్త మానేరు వాగుకు బట్టలు ఉతకడానికి పోయిన ఒక పొద్దున ఆయన బండి నిండా ఇటుకలు తెచ్చి వెనక జాగాలో దింపించాడు. షెడ్డు కోసం తెచ్చిన ఇటుకలు. మొలకల గుంతలను ఆనుకుని కుప్ప పోయించాడు. కొన్ని కుల్లలు నలిగాయి. శివరాత్రి ఇంకా రాలేదు కదా పెదబాపూ అని నేను అడిగితే, జాగల ఇటుకలు పెట్టొద్దని షర్తుల లేదుగదా అన్నాడు. ఆయన అంత చిన్నబుద్ధితో మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. పెద్దవాళ్లు కూడా భయపడితే ఇలాగే మాట్లాడతారని తర్వాత తెలిసింది.

అత్త తడిబట్టల మూటతో వచ్చింది. ఇటుకల వైపు చూసింది. మూట నా చేతికిచ్చి, చెంగు బిగించి, ఒక ఇటుక తీసి గుంత పక్కన పెట్టింది. దాని పక్కన ఇంకొకటి. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మూట అక్కడే దడి మీద పడేసి నేనూ మోయడం మొదలుపెట్టాను. పొద్దుమూకేసరికి ప్రతి గుంత చుట్టూ మోకాలెత్తు ఇటుకల గోడ లేచింది, ఎండ వచ్చే వైపు మాత్రం వదిలాం. ఇటుక పగలంతా ఎండకు కాగి, రాత్రి మెల్లగా ఆ వేడి వదులుతుంది. తెల్లవారుజామున మంచులో నేను చెయ్యి పెట్టి చూస్తే గోడ లోపలి వైపు గోరువెచ్చగా ఉండేది. ఆయన మా మొలకలను తొక్కడానికి తెచ్చిన ఇటుకలు వాటికి కుంపటి అయ్యాయి.

పెదబాపు వచ్చి చూసి, గవి నా ఇటుకలు అన్నాడు.

"నీవే అన్నా. ఒక్కటి గూడ యాడికి పోదు. శివరాత్రి తెల్లారి తీస్కపో," అన్నది అత్త.

అప్పటికే వాడలో ఆడవాళ్లు గోడ మీంచి చూస్తున్నారు. నలుగురిలో కట్టిన షర్తు నలుగురిలో విప్పడం ఆయన వల్ల కాలేదు. గోడలు కూల్చకుండానే లోపలికి వెళ్లిపోయాడు.

కుల్లలు పొద్దున తీసి సాయంత్రం పెట్టే పని నాది. ఒకరోజు దట్టంగా మంచు పట్టింది, పళ్లు టకటకలాడుతున్నాయి. ఇవాళ తీయకుండా ఉంచుదామా, పాపం వాటికి చలేస్తుంది కదా అని అడిగాను. మంచు విరిగేదాకా ఆగి, తప్పకుండా తీయమన్నది అత్త.

"కప్పుడు దాని కోసమే, తీసుడు గూడ దాని కోసమే. ఎప్పుడు కప్పే ఉంచితె పొడుగు సాగుతది కని గాలికి నిలవది. ఎవలన్న నిన్ను గట్ల కప్పి ఉంచుతమంటె నువ్వు గూడ ఒద్దనాలె."

ఆ చివరి మాట ఎందుకన్నదో అప్పుడు నాకు తెలియలేదు. నేను ఐదో తరగతి అయిపోగానే బడి మాన్పించాలని ఇంట్లో అనుకుంటున్నారని, చలిలో ఎండలో పిల్లను తిప్పడమెందుకని పెదబాపు అన్నాడని తర్వాత అమ్మ చెప్పింది. నేను బడి మానలేదు. పన్నెండో ఏట వచ్చిన ఆ కొట్లాట వేరే కథ, కానీ అప్పుడు వద్దన్నది నేనే, నా పక్కన నిలబడింది మా అత్త.

తీగలు కుల్లలను లోపలినుంచి తోయడం మొదలుపెట్టిన రోజు అత్త వాటిని పూర్తిగా తీసేసింది. ఇక పెడితే అవే మెడ విరుస్తాయని చెప్పి, విప్పదీసి ఉట్టి కింద దాచింది. మూలన పడేసిన పాత మగ్గం గుంజలు తెచ్చి పందిరి కట్టింది. మా తాత నేసిన మగ్గం అది. దాని మీద ఆనపతీగ పాకుతుంటే పెదబాపు ఏమంటాడోనని నేను చూశాను. ఆయన ఒక గుంజ వదులుగా ఉంటే చూసి, తాడు తెచ్చి బిగించి వెళ్లాడు.

సాయంత్రాలు తెల్లటి పూలు విచ్చుకున్నాయి. మొదటి పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోయాయి. ఆ రోజు అత్త అన్నం సరిగ్గా తినలేదు. ఆమె భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇంకో పిందె నిలిచింది. దాన్ని పొద్దుకోసారి చూసి రావడం నాకు బడికన్నా పెద్ద పనైంది. వేలుపెట్టి చూపితే కుళ్లిపోతుందని, దగ్గరికి పోయినా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు పోయేది చలో మా అత్తో తేలాల్సి ఉంది. పెదబాపు వేములవాడ పోయి జాగారం చేసి తెల్లారి వచ్చాడు. ఆయన స్నానం చేస్తుండగా అత్త కొడవలి తీసుకుని పందిరి కిందికి పోయింది. కాయ నా మోచేతి పొడవుంది, ఇంకా నూగు పోలేదు, గోరు గుచ్చితే నీరు చిమ్మేంత లేతగా ఉంది. శనగపప్పు వేసి అమ్మే వండింది. ఆయన కంచం ముందు కూర్చున్నాక, అమ్మ గరిటె తీసుకొచ్చి అత్త చేతికిచ్చింది. మొగుడు పోయిన మనిషి పండగపూట మొదటి వడ్డన చేయకూడదని మా వాడలో ఒక పట్టింపు. అది అమ్మకు తెలియక కాదు. నూనెలో ముంచిన గుడ్డను చూడలేక లోపలికి పోయిన మా అమ్మే ఆ పని చేసింది.

అత్త వడ్డించింది. పెదబాపు కలుపుకుని తిన్నాడు. రెండోసారి వేయమని కంచం జరిపాడు. అదీ తిని, చేయి కడుక్కునే ముందు ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"ఉప్పు తక్కువైంది."

"ఉప్పు నీ ఇంటిదన్నా. కాయ నాది," అన్నది మా అత్త.

ఆయనకు నవ్వు ఆగక పొలమారింది. ఆ రోజే ఇటుకలు ముందు వైపుకు మోయించాడు. నేనూ మోశాను. చేతిమగ్గం గుంత పూడ్చి ముందర అర్రలోనే సాంచె పెట్టుకున్నాడు. ముందు నుంచి టకటక చప్పుడు, వెనక నుంచి ఆనపపూల వాసన, మధ్యలో మేము. ప్రతి చలికాలం ఆయన ఇంకో సాంచె పెట్టాలన్న ఆశతో వెనక జాగా వైపు చూసేవాడు. శివరాత్రి రానియ్యి అన్నా, జూద్దాం అనేది అత్త. కొన్నాళ్లకు వాడలో సగం పెరళ్లలో ఆముదం కుల్లలు కనిపించాయి. విత్తనాలు అడిగిన ప్రతి ఒక్కరికీ ఆమె ఇచ్చింది, జాగా మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆమె కన్నుమూసిన నాటికి కూడా ఆ పందిరి కాపు మీద ఉంది.

నేను కోరుట్లలో కాపురానికి వచ్చి, ముసలిదాన్నయ్యాను. మా ఇంటి వెనక నాకూ ఒక చిన్న జాగా ఉంది. ఇప్పుడు ఆముదం వండే ఓపిక లేదు. తాగి పారేసిన పెద్ద ప్లాస్టిక్ నీళ్ల సీసాల అడుగు కోసి మొలకల మీద పెడతాను. మూత తీస్తే గాలి ఆడుతుంది, మేకలు నమలవు. కానీ పొద్దున్నే అన్నీ తీసేస్తాను. నా మనుమరాలికి కూడా అదే నేర్పాను. అది ఒకసారి, రోజూ తీసి పెట్టేదానికి అసలు పెట్టడమెందుకు నాయనమ్మా అని అడిగింది. తనను చెయ్యి పట్టుకుని నడిపించి, బడి బస్సు ఎక్కేటప్పుడు వదిలినట్టే అన్నాను. దానికి అర్థమైందో లేదో తెలియదు, సీసాలు మాత్రం పెరికి పక్కన పెట్టింది.

ఈ మధ్య నా కొడుకు కారు కొన్నాడు. కారు పెట్టడానికి చోటు లేదని వెనక జాగాకు సిమెంటు పోసి, పైన రేకులు వేయిద్దామని టేపు పట్టుకుని కొలిచాడు. ఈ వయసులో నీకెందుకమ్మా ఈ మట్టి పని, కూరగాయలు నేను తెచ్చి పెడతాను కదా అన్నాడు. మంచివాడే. మా పెదబాపు లాగే మంచివాడు. మొన్న ఒక లారీ ఇసుక తెచ్చి నా మొలకల పక్కనే పోయించాడు. చెంగు బిగించి, ఆ ఇసుకను గంపతో మోసి గుంతల చుట్టూ గట్లుగా పోశాను, రాత్రి వెచ్చగా ఉంటుందని. మనుమరాలు రెండో గంప అందుకుంది. సాయంత్రం వాడు వచ్చి చూసి నోరు తెరిచాడు.

"శివరాత్రి దాక ఆగు కొడుకా," అన్నాను.

ఏ శివరాత్రి అని వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు.